కప్పు లేని కల్యాణ మంటపం
లేపాక్షి మొదలు పెనుకొండ దాకా నిలిచిపోయిన పనుల కథ

లేపాక్షి: హిందూపురం నుంచి 14 కిలోమీటర్లు వచ్చి, ఊరి మొదట్లో పడుకుని ఉన్న ఏకశిలా నందిని చూచి, కూర్మశైలం ఎక్కి వీరభద్రస్వామి దర్శనం చేసుకుని, వేలాడే స్తంభం కింద అందరిలాగే ఒక తువ్వాలు దూర్చి ఇవతలికి తీసిన యాత్రికుడు ప్రాకారంలో తిరుగుతూ ఒకచోట ఆగిపోతాడు. అది కల్యాణ మంటపం. ఉన్నదనడం కన్నా సగం ఉన్నదనడం న్యాయం. 38 స్తంభాలు నిలిచి ఉన్నాయి. శివపార్వతుల పెండ్లికి తరలివచ్చిన దేవతలు, ఋషులు, దిక్పాలకులు ఆ రాళ్ళలో అతిథులై నిలబడి ఉన్నారు. పైన కప్పు మాత్రం లేదు. ఎండకూ వానకూ తలలొగ్గి పెండ్లివారు ఐదు వందల ఏండ్లకు దగ్గరగా అలాగే నిలబడి ఉన్నారు.

ఈ మంటపం ఎందుకు ఆగిందో ఇక్కడ పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529-1542 మధ్య, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. విరుపణ్ణ పెనుకొండలో రాయలవారి కోశాధికారి. రాయలవారు ఊళ్ళో లేని సమయంలో ఖజానా సొమ్ము తీసి గుడికి ఖర్చు పెట్టాడని, తిరిగివచ్చిన రాయలవారు ఖాళీ బొక్కసం చూచి అతని కళ్ళు తీయించమన్నారని, ఆ శిక్ష అమలు జరిపే శ్రమ ఇతరులకు లేకుండా విరుపణ్ణే తన కళ్ళు పెరికి గోడకేసి కొట్టాడని కథ. గోడమీద రెండు ఎర్రని మరకలను గైడ్లు నేటికీ చూపిస్తారు. 'లేపాక్షి' పేరుకు కూడా ఆ కళ్ళతోనే ముడి పెట్టేవారున్నారు. జటాయువును చూచి రాములవారు 'లే, పక్షీ' అన్నారనే వారు మరికొందరు.

ఇది జనం చెప్పుకునే కథేగాని శాసనం చెప్పిన సంగతి కాదు. ప్రాకారం గోడల మీది శాసనాలలో గుడికి ఇచ్చిన దానధర్మాల వివరాలున్నాయి. కప్పు మీది చిత్రాలలో ఆ అన్నదమ్ములు పరివారంతో సహా స్వామికి మ్రొక్కుతూ కనబడతారు. ఖజానా దోచినవాడి బొమ్మను గుడి కప్పు మీద అలా ఉండనిచ్చారా అన్న సందేహం చూచినవారికి కలగక మానదు. మంటపం ఆగడానికి కళ్ళ కథ అక్కరలేని కారణం కూడా ఒకటున్నది. 1542లో అచ్యుతరాయలు పోయారు. వెంటనే సింహాసనం కోసం కుత్తుకలు కోసుకున్నారు. కొడుకు వెంకటాద్రి ప్రాణం దక్కలేదు, సలకం తిరుమలరాజు నిలవలేదు, చివరకు అళియ రామరాయల చేతికి అధికారం వచ్చింది. పాత రాయలవారి మనిషి మొదలుపెట్టిన పనికి కొత్త రాయలవారి దగ్గర పలుకుబడి ఏముంటుంది?

అయినా జనం కథలో ఒక నిజం ఉన్నది. పని ఆగితే దాని వెనుక ఖజానా ఉంటుందని మన పెద్దలకు ఏనాడో తెలుసు.

లేపాక్షి ఒక్కటే కాదు. పాత అనంతపురం జిల్లాలోనే తాడిపత్రి వెళ్ళి పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి చూడండి. గోపురాల మొదళ్ళలో శిల్పం చూస్తే కళ్ళు తిప్పుకోలేము, తల ఎత్తితే శిఖరం లేదు. మధురలో తిరుమల నాయకుడు 17వ శతాబ్దంలో ఎత్తించిన రాయగోపురం మొదళ్ళ దగ్గరే ఆగింది. శ్రీరంగంలో దక్షిణపు రాయగోపురం కూడా కొన్ని శతాబ్దాలు మొండిగానే ఉండి, చివరకు అహోబిల మఠం జీయరు స్వామి పూనికతో 1987లో పదమూడు అంతస్తులుగా పూర్తయింది. అంటే ఆగిన పని ఆగినట్టే ఉండాలని బ్రహ్మరాత ఏమీ లేదు. కాకపోతే అక్కడి మొదలు రాతి మొదలు. ఎన్ని తరాలైనా ఓపిక పట్టగలదు. ఈనాటి పనులకు ఆ ఓపిక లేదు. ఆ మాట తరువాత.

పెనుకొండలో ఏమైంది?

విరుపణ్ణ కొలువు చేసిన ఆ పెనుకొండకే రావాలి. 2021 మే 31న రాష్ట్రంలో 14 ప్రభుత్వ వైద్య కళాశాలలకు ఒకే రోజున శంకుస్థాపన జరిగింది. అందులో పెనుకొండ ఒకటి. హిందూపురం ఆసుపత్రిలో పనికాకపోతే అనంతపురం, అక్కడా కాకపోతే బెంగుళూరు అని పరుగులు తీసే ఈ ప్రాంతానికి అది చిన్న కబురు కాదు. 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు తెరుచుకున్నాయి. పెనుకొండ వాటిలో లేదు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో పూర్తి చేయాలని తీర్మానించింది. పెనుకొండ ఆ పదిలో ఉన్నది. ప్రైవేటు చేతికి ఇవ్వడమంటే అమ్మడమేనని ప్రతిపక్షం, డబ్బు లేక ఆగిన పనిని ముందుకు నడిపే మార్గం ఇదేనని ప్రభుత్వం వాదించుకుంటున్నాయి. ఆ వాదం తేలేలోగా కాన్పు కష్టమైన ఇల్లాలిని కారులో వేసుకుని బెంగుళూరు పోయేవారు పోతూనే ఉన్నారు.

కూతవేటు దూరంలో మరో సంగతి. 2008-09లో చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జి హబ్ పేరిట ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. చదువులు, పరిశ్రమలు, లక్షల ఉద్యోగాలు అన్నారు. చివరకు సి.బి.ఐ. అభియోగపత్రం వచ్చిందిగాని హబ్ రాలేదు. ఇక్కడ ఆగడానికి పని మొదలయింది కూడా లేదు. భూములిచ్చిన రైతు మాత్రం అదే భూమిని గట్టు మీద నుంచి చూస్తున్నాడు.

రాష్ట్రానికంతటికీ పెద్ద ఉదాహరణ అమరావతి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన, 2019లో ప్రభుత్వం మారగానే పని బందు, 2025 మే 2న మళ్ళీ ప్రారంభం. ఈ మధ్యకాలంలో సచివాలయ టవర్ల పునాదులు చెరువులై పడి ఉన్నాయి. ఆ నీళ్ళు తోడించి, పునాదుల గట్టితనం పరీక్షించడానికి ఐ.ఐ.టి. నిపుణులను పిలవవలసి వచ్చింది.

ఊళ్ళలోని చిన్న పనుల మాట

పెద్దవి సరే. మన ఊళ్ళలో మూడడుగుల బేసుమట్టం మీద తుమ్మ మొక్కలు మొలిచిన సచివాలయాలు, లింటెల్ దాకా లేచి ఆగిన రైతు భరోసా కేంద్రాలు, ఆరోగ్య కేంద్రాలు ఎన్నో. ఈ రచయిత చదువుకున్న బడిలో అదనపు గది ఒకటి కప్పు లేకుండానే ఉండేది. మేము అందులో గోలీలాడాము. మా తరువాతి తరగతులవారూ ఆడారు.

ఎందుకు ఆగుతాయని అడిగితే 'కాంట్రాక్టరు తిన్నాడు' అని ఒక్క మాటలో తేల్చేస్తాము. తినేవారు లేకపోలేదు. కానీ ఎక్కువ పనులు ఎవరూ తినకుండానే ఆగిపోతాయి.

మొదటి చిక్కు అంచనాలో ఉన్నది. ఎక్కువ చూపితే మంజూరు కాదని తక్కువ చూపుతారు. మా నేలలో మూడడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఆ బండ పగలగొట్టే ఖర్చు కాగితం మీద ఉండదు. సవరించిన అంచనాకు మళ్ళీ మంజూరు కావాలి. ఆ ఫైలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి పోయి వచ్చేసరికి ఇనుము ధర, సిమెంటు ధర పెరిగి ఉంటాయి. అప్పుడు ఇంకొక సవరణ.

రెండవది బిల్లు. చేసిన పనిని ఇంజనీరు ఎంబుక్కులో కొలతలు రాయాలి, పై అధికారి సరిచూడాలి, ఆన్‌లైనులో ఎక్కాలి, చివరికి ఖజానాలో డబ్బుండాలి. ఈ చివరి మెట్టు దగ్గరే నెలలు, ఒక్కొక్కసారి ఏండ్లు గడుస్తాయి. ఊరి కాంట్రాక్టరు అంటే కోటీశ్వరుడు కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మేస్త్రీకి కూలి ఇస్తాడు. రెండో బిల్లు రాకపోతే మూడో పని చేయడు. మేస్త్రీ బెంగుళూరు బస్సు ఎక్కుతాడు. ఐటం వారీ టెండర్లలో గడుసువారు మొదట చేసే మట్టిపనికి, పునాదికి ఎక్కువ రేటు, చివరలో చేసే తలుపులకు, పూతకు, కరెంటుకు తక్కువ రేటు వేస్తారు. మొదటి బిల్లులలోనే లాభం చేతికి వచ్చాక మిగతా పని మీద ఎవరికి మనసుంటుంది?

మూడవది, డబ్బు ఒకే బిందెలోది కాకపోవడం. సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు మొదలైన పనులకు ఉపాధి హామీ నిధులే ఆధారమయ్యాయి. ఆ చట్టం కింద కూలికి 60 పాళ్ళు, సామగ్రికి 40 పాళ్ళకు మించకూడదన్న నియమం ఉండేది. కూలి పనులు ఎంత జరిగితే అంత మేరకే ఇటుకకు, ఇనుముకు డబ్బు. అందుకని ఒక ఊరి గోడ మరొక ఊరి కందకం తవ్వకం మీద ఆధారపడి నిలిచింది.

నాలుగవది అందరికీ తెలిసినదే. వెనకటివారు మొదలుపెట్టిన గదికి స్లాబు వేయిస్తే శిలాఫలకం మీద తన పేరు రాదు. కొత్తగా కొబ్బరికాయ కొడితే వస్తుంది. అచ్యుతరాయల తరువాత వచ్చినవారికీ ఈ లెక్క తెలియనిది కాదు.

ఇక ఓపిక మాట. లేపాక్షి స్తంభం కప్పు లేకపోయినా చెడలేదు. మన కాంక్రీటు స్తంభం అలా కాదు. పైకి పొడుచుకువచ్చిన కమ్మీలు రెండు వానలకే తుప్పు పడతాయి. తుప్పు ఉబ్బి లోపలి కాంక్రీటును పగలదీస్తుంది. గోడౌనులో పెట్టిన సిమెంటు బస్తాలు రాళ్ళవుతాయి. ఐదేండ్ల తరువాత పని మళ్ళీ మొదలుపెట్టాలంటే సగం పడగొట్టాలి. అందుచేత ఆగిన పనికి అయ్యే నష్టం ఆగినంత మేరకే అనుకోరాదు.

పూర్తయినవి లేవా అంటే ఉన్నాయి. గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీకి 2015లో శంకుస్థాపన జరిగింది. 500 ఎకరాలు, 541 కోట్ల రూపాయలు. 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు, అదే రోజు లేపాక్షి వీరభద్రుని కూడా దర్శించుకున్నారు. తొమ్మిదేండ్లు పట్టినా పూర్తయింది. డబ్బు కేంద్రం నుంచి ఒకే దారిలో రావడం, కట్టించుకునే శాఖే చివరి దాకా వెంటపడడం ఇందుకు కారణమని అనుకోవచ్చు. మన ఊరి బడిగదికి వెంటపడేవారు ఎవరు?

ఊరివారే పడాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉన్నది. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఆగిన గది ఒప్పందం నకలు, ఎంబుక్కు పేజీల నకళ్ళు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల తేదీలు, మిగిలిన సొమ్ము ఏ పద్దులో ఉన్నదీ అడగండి. పనిని స్వయంగా చూచే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ వేయించి, సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచుకోండి. జవాబు 30 రోజులలో రావాలి.