లోహపు దిమ్మె హద్దు దాటిన కలం వంపు

జర్మనీకి చెందిన అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ (1918–2015) రూపొందించగా లైనోటైప్ సంస్థ 1998లో విడుదల చేసిన జాఫినో, పాళీ కలంతో వంపులు తిప్పి రాసిన చేతిరాతను అచ్చులోకి తెచ్చిన ఫాంట్లలో ముందువరుసలో నిలుస్తుంది. శుభలేఖలు, పుస్తకాల అట్టలు, ప్రశంసాపత్రాల వంటి వాటి మీద అలంకారంగా కనిపించే ఈ ఫాంటుకు మూలం, రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1944లో జాఫ్ తన చిత్తుపుస్తకంలో రాసుకున్న ఒక పుట.

ఆ పుట ఫాంటుగా మారడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టడానికి ప్రధాన కారణం సీసపు అచ్చు స్వభావమే. ఆ పద్ధతిలో ప్రతి అక్షరాన్నీ దీర్ఘచతురస్రాకారపు లోహపు దిమ్మె మీద పోతపోస్తారు కాబట్టి, హద్దు దాటి పక్క అక్షరం మీదికి చాచుకున్న తోక అచ్చుయంత్రం ఒత్తిడికి విరిగిపోయే ప్రమాదం ఉండేది. అచ్చక్షరాలను పోతపోసే స్టెంపెల్ ఫౌండ్రీ కోసం జాఫ్ చేసిన వర్చువోజా అనే లోహపు అక్షరాల్లో వంపులను కుదించుకోక తప్పలేదు. కంప్యూటర్ వచ్చాక ఆ అడ్డు తొలగింది. 1990ల తొలినాళ్లలో అమెరికాకు చెందిన డేవిడ్ సీగెల్ ఇలాంటి ఫాంటు చేద్దామని ప్రతిపాదించి, తరువాత మధ్యలో తప్పుకోగా, జాఫ్ ఆ పనిని లైనోటైప్‌కు అప్పగించి పూర్తిచేయించాడు.

మనిషి రాతలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఉంటే అది యంత్రం పని అని కన్ను వెంటనే పసిగడుతుంది. అందుకే జాఫినోలో ఒక్కొక్క అక్షరానికి పలు గ్లిఫ్‌లు, అంటే తెరమీదా కాగితం మీదా కనిపించే వేర్వేరు రూపాలు, ఉంటాయి. మొదటి విడుదలలో నాలుగు వర్ణమాలలను విడివిడిగా ఇచ్చినందున ఏ రూపం ఎక్కడ పెట్టాలో వాడేవారే ఎంచుకోవలసి వచ్చేది. ఎంపిక చేతకానివారి చేతిలో అది గజిబిజిగా తయారయ్యేది కూడా. జపాన్‌కు చెందిన అకిరా కోబయాషితో కలిసి జాఫ్ 2003లో తెచ్చిన జాఫినో ఎక్స్‌ట్రాలో, పక్కనున్న అక్షరాలను బట్టి రూపాన్ని మార్చే సూచనలను ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో ఫాంటులోనే పొందుపరిచారు. ఆపిల్ కంప్యూటర్లలో వచ్చే జాఫినోలో దాని ఇంగ్లీషు పేరులోని ఏడక్షరాలనూ వరుసగా కొడితే, అవి కలిసిపోయి ఒకే గ్లిఫ్‌గా, ఒక సంతకంలా మారతాయి. తెలుగులో ‘స్త్రీ’ అని టైపు చేసినప్పుడు వత్తులూ గుణింతమూ తమ చోట్లలో కుదురుకోవడం వెనుక ఉన్నదీ ఇలాంటి గ్లిఫ్‌ల మార్పిడే, కాకపోతే జాఫినోలో అది అలంకారం, తెలుగులో అది లేనిదే పని జరగదు.

పైకి లేచే గీతలూ కిందికి జారే తోకలూ బాగా పొడవు కావడంతో జాఫినో పంక్తుల మధ్య చాలా ఖాళీని కోరుతుంది కాబట్టి, పేరాలకు పనికిరాదు. మాట మొత్తాన్నీ పెద్దబడి అక్షరాల్లో కూర్చితే వంపులు ఒకదానినొకటి ఢీకొని చదవడమే కష్టమవుతుంది. పెద్ద సైజులో ఒక పేరునో చిన్న శీర్షికనో పెట్టి, చుట్టూ తెల్లకాగితాన్ని ధారాళంగా వదిలితే దాని సొగసు తెలుస్తుంది.