కావలి ఎవరి కొరకు?

యుద్ధ వార్తలు వినబడుతున్న దినములలో కుటుంబాన్ని ఎలా నడిపించుకోవాలి? ఈ దినము దీనిని గూర్చి ధ్యానించుకుందాం.

2025 మే 7న, ఆపరేషన్ సిందూర్ ఆరంభమైన దినమే, హైదరాబాదులోను విశాఖపట్నములోను పౌర రక్షణ సైరన్లు మ్రోగాయి. అది అభ్యాసము మాత్రమే. ఆ దినములలో వీడియో గేము దృశ్యాలు సైతం యుద్ధ దృశ్యాలని చెప్పి ఫోన్లలో పంచుకున్నారు. అదే సంవత్సరము జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదైద్ సైనిక స్థావరముపై క్షిపణులు వేసింది. కొన్ని గల్ఫ్ దేశాలు విమానాలను కొంతసేపు నిలిపివేశాయి. భర్త అక్కడ పనిచేస్తుండగా, కోనసీమలోనో కడపలోనో జగిత్యాలలోనో పిల్లలతో ఉన్న సహోదరితో "వార్తలు చూడవద్దమ్మా" అని చెప్పగలమా? చెప్పలేము. అయితే ఆమె ఎంత వినాలి? ఎవరి మాట వినాలి? విని ఏమి చేయాలి?

నెహెమ్యా గ్రంథము నాలుగవ అధ్యాయము చూడండి. యెరూషలేము గోడ కడుతుండగా శత్రువులు దాడికి కుట్ర చేశారు. సమీపమున నివసించేవారు వచ్చి ఆ భయాన్నే పదిసార్లు చెప్పారు. నేటి వార్తా ఛానళ్లు చేసేదీ ఇదే కదా! నెహెమ్యా ఆ వార్తను కొట్టివేయలేదు. ప్రార్థించాడు, కావలి ఉంచాడు, పని కొనసాగించాడు. ఇందులో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, జనులను కుటుంబముల చొప్పున కావలి నిలిపాడు. కావలి ఇంటివారి కొరకే. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక సంగతి కనుగొన్నారు. ఆ వారములో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవారిలో, పేలుడు జరిగిన చోట ఉన్నవారికంటె ఎక్కువ మానసిక ఒత్తిడి కనబడింది. పెద్దవారి సంగతే ఇలాగుంటే, మన ఒడిలో కూర్చున్న ఐదేళ్ల బిడ్డ మాటేమిటి? ఒకే పేలుడును పదిసార్లు చూపితే పది పేలుళ్లని ఆ బిడ్డ అనుకొనవచ్చు.

రెండవది, బూర ఊదువాడు నెహెమ్యా ప్రక్కనే ఉన్నాడు. ఆ ధ్వని విన్నప్పుడే అందరూ కూడుకోవాలి. మన ఇంటికి కూడ నమ్మదగిన బూర ఒకటి ఉండాలి. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి ఆకాశవాణి వార్తలు వినండి. విదేశములోని వారి విషయమై అక్కడి భారత రాయబార కార్యాలయ ప్రకటన చూడండి. ప్రభుత్వము పేరిట వచ్చిన సందేశము అనుమానముగా ఉంటే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగాన్ని అడగవచ్చు. తెలియని వీడియోను సంఘపు గ్రూపులో పంపకండి.

మూడవది, వారు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టుకున్నారు. విన్నదాని విషయమై మన చేతనైన పని ఉంటే చేద్దాం. విదేశములో ఉన్నవారి పాస్‌పోర్టు నకలు, యజమాని నంబరు, రాయబార కార్యాలయము నంబరు ఒక్కచోట ఉంచండి. అత్యవసర నంబరు 112 పిల్లలకు నేర్పండి. సైరను హెచ్చుతగ్గులుగా మ్రోగితే ప్రమాదము, ఒకే తీరున మ్రోగితే ప్రమాదము తప్పినదని చెప్పండి. అంతటితో టీవీ కట్టివేసి భోజనానికి కూర్చోండి.

"నాన్న దగ్గర బాంబులు పడతాయా?" అని బిడ్డ అడిగితే కసరవద్దు, అబద్ధము చెప్పవద్దు. "అక్కడ గొడవ జరుగుతోంది. నాన్న క్షేమమని సాయంత్రం ఫోను చేశారు. పొద్దున మళ్లీ మాట్లాడదాం. ఇప్పుడు నాన్న కోసం ప్రార్థన చేద్దాం" అని తెలిసినంత చెప్పండి. ఫోను ఇంకా రాకపోతే, రాలేదనే చెప్పి, బిడ్డను దగ్గరకు తీసుకోండి.

ప్రియులారా, ఆ గోడ 52 దినములలో ముగిసింది. భయపెట్టే వార్తలు విన్న చేతులే దానిని కట్టాయి. మీ ఇంటిలో ఈ రాత్రి కట్టవలసిన పని మీ కొరకు ఎదురుచూస్తున్నది. ప్రభువు మిమ్మును, దూరమున ఉన్న మీ వారిని కాపాడును గాక. ఆమేన్.