స్పిట్‌ఫైర్ వెనుక ఏ రంగు వేయాలి?

విమానాన్ని పక్కనుంచి చూపే డిజిటల్ బొమ్మ వేసేవాళ్లు చాలామంది రివెట్ల మీద రాత్రులు గడిపేసి, నేపథ్యాన్ని మాత్రం చివర్లో ఏదో ఒకటి పెట్టి ముగిస్తారు. నా దృష్టిలో అది తలకిందుల పని. వెనుక ఏముంటుందో తేలాకే విమానం మీద నీడ ఎంత పడాలో తేలుతుంది.

మన హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్నే తీసుకుందాం. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళం తన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టింది. స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరం దగ్గర వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన ఈ విమానాలకు పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు మరకలు. ఆ జూన్ నుంచి పొట్టకు ‘స్కై’ అనే లేత పసరు రంగు.

ఇప్పుడు దీని వెనుక అచ్చ తెలుపు పెట్టి చూడండి. ఆ మెరుపు ముందు పైరంగులు రెండూ నల్లబడి ఒకే ముద్దలా కనిపిస్తాయి. మధ్యరకం బూడిదరంగు పెడితే పొట్ట అందులో కలిసిపోతుంది. నీలాకాశం పెడితే మరో తంటా: నీలం పక్కన ఆ పసరు రంగు పసుపు తిరిగినట్టు ఉంటుంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపును ఒకటి మార్చేస్తాయని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే పెద్ద పుస్తకం వేశాడు. అందుకే నా ఓటు ఏ రంగువైపూ మొగ్గని లేత బూడిదకు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 225 దగ్గర ఉంటే చాలు. మేఘాలు, కొండలు, పొగ అంటారా, అవన్నీ ఉంటే అది వేరే బొమ్మ.

ఒకే రంగు బోసిగా ఉందని గ్రేడియంట్ వేస్తే జాగ్రత్త. 220 నుంచి 235 దాకా తెర పొడవునా సాగదీస్తే మధ్యలో ఉండేవి పదిహేను మెట్లే. అవి చారలుగా బయటపడతాయి. కాస్త నాయిస్ చల్లితే చెదిరిపోతాయి.

ఇక నీడ. వెలుగు పైనుంచి వస్తుందనుకుంటే, గుండ్రటి ఒడలి మీద మెరుపు వీపు అంచున కాక దానికి కొంచెం కింద పడుతుంది. అక్కణ్నుంచి దిగేకొద్దీ చీకటి పెరుగుతుంది. కానీ అట్టడుగు అంచుకు వచ్చేసరికి మళ్లీ కాస్త లేతబడాలి, నేల నుంచి తిరిగొచ్చే వెలుతురు అక్కడ తగులుతుంది కాబట్టి. కిటికీ దగ్గర అడ్డంగా పెట్టిన సొరకాయలో ఇదంతా కనిపిస్తుంది. పైగా పొట్టకు లేతరంగు పూయడంలో ఒక ఉద్దేశమే ఆ నీడను తగ్గించడం. దాన్ని మనం నల్లగా ముంచేస్తే రంగు వేసినవాళ్ల శ్రమ వృథా.

నీడ లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో పెట్టి, నలుపుకు బదులు నీలి ఛాయ ఉన్న ముదురు బూడిద వాడితే రంగులు మురికిపట్టవు. ఆ లేయర్ గుండ్రటి గుర్తులకు, కోడ్ అక్షరాలకు కూడా పైన ఉండాలి. లేకపోతే అవి స్టిక్కర్లలా తేలిపోతాయి.

ప్యానెల్ గీతల దగ్గర చిన్న లెక్క వేసుకోవచ్చు. స్పిట్‌ఫైర్ పొడవు 9.12 మీటర్లు. బొమ్మలో అది 3000 పిక్సెళ్లు అయితే ఒక్కో పిక్సెల్ మూడు మిల్లీమీటర్లు. రేకుల మధ్య సందు సాధారణంగా అంతకన్నా సన్నం. అంటే ఒక పిక్సెల్ నల్లగీత కూడా అతిశయోక్తే. అడుగు రంగుకంటే ఒక ఛాయ ముదురుగా ఉంటే సరిపోతుంది.

మెరిసే లోహపు మస్టాంగ్ లాంటి విమానాలకు ఈ సూత్రాలు చాలవు. అద్దంలాంటి ఆ రేకు మీద పైన ఆకాశం, కింద నేల, మధ్యలో దిగంతపు గీత ప్రతిఫలిస్తాయి. వెనుక బూడిదరంగు ఉంచి రేకు మీద పచ్చిక మెరిపిస్తే కన్ను ఒప్పుకోదు. అక్కడ ప్రతిబింబాన్నీ బూడిద ఛాయల్లోనే తేల్చి, దిగంతపు గీతను మాత్రం పదునుగా ఉంచడం మేలు.