గుట్టను ముక్కలు చేస్తే ఊరిని అడగక్కర్లేదా?

కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతానికి రాయి కొత్త కాదు. మార్కాపురం పలక పట్టని బడి లేదు. కానీ గుట్ట పక్కన, ఊరి చివర ఇళ్లు ఎవరివి? ఆ చోటు మనకిచ్చింది కులం. అందుకే క్వారీ వస్తే దుమ్మూ పేలుళ్లూ ముందు తాకేది మన పల్లెలనే. పొరుగున కడప జిల్లా మామిళ్లపల్లె క్వారీలో 2021 మే 8న జిలెటిన్ స్టిక్స్ పేలి 10 మంది చనిపోయారు.

మరి క్వారీకి ముందు మనల్ని అడగాలా? 5 హెక్టార్ల లోపు క్వారీలకూ పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో కేంద్రం 25 హెక్టార్ల దాకా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. 5 హెక్టార్లు దాటితే జరపాల్సిందేనని 2018 సెప్టెంబర్ 13న జాతీయ హరిత ట్రిబ్యునల్ తేల్చింది.

సందు ఇక్కడే ఉంది. ఒకే గుట్టను చిన్న చిన్న లీజులుగా కోస్తే ఊరిని అడిగే పని తప్పుతుంది. కానీ 500 మీటర్ల లోపున్న లీజులను క్లస్టర్‌గా కలిపి లెక్కించాలి. కాబట్టి సర్వే నంబర్లు, లీజు విస్తీర్ణాలు సమాచార హక్కు కింద అడిగి మనమే కూడుదాం. అనుమతి ఇచ్చేస్తే 30 రోజుల్లో చెన్నై బెంచ్‌లో అప్పీలు వేయాలి. యంత్రాలు దిగేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది.