కొండ ఎక్కే ముందు పాదాలు చూసుకోండి



మన ముక్తేశ్వరంలో ఎత్తయిన చోటు ఏదంటే గోదావరి ఏటిగట్టే. చదును నేల మీద తిరిగే మనకు మెట్లెక్కే అలవాటు తక్కువ. అయినా ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవాలకు మనవారు కొందరు విజయవాడలోని గుణదల వెళుతుంటారు. మరియమాత స్వరూపం నెలకొల్పిన కొండ అది. 1933లో శిఖరాన సిలువ నిలిపారు. పైనుండి పట్టణం చూడముచ్చటగా ఉంటుంది.

ఒక ఏడు ఉత్సవాల తరువాత షుగరు ఉన్న ఒక తల్లి మా డ్రెస్సింగ్ గదికి వచ్చారు. మొక్కుకుని చెప్పులు లేకుండా కొండ ఎక్కారట. పాదాల నరాలు మొద్దుబారడం వలన పొక్కు లేచినా నొప్పి తెలియలేదు. మేము చూసేసరికే చీము పట్టింది. చివరకు వేలు తీయవలసి వచ్చింది.

కనుక వెళ్ళేవారు ఇవి పాటించండి.

* నెల ముందు నుండి రోజూ అరగంట నడవండి. రెండవ వారం నుండి ఏటిగట్టు ఎక్కి దిగండి.
* గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందుగా డాక్టరు గారికి చూపించుకోండి.
* బి.పి., షుగరు మందులు మానవద్దు. షుగరు ఉన్నవారు ఖాళీ కడుపుతో ఎక్కరాదు. కొంచెం పంచదార దగ్గర ఉంచుకోండి.
* మెత్తని, పాత చెప్పులే వేసుకోండి.
* మాట్లాడుతూ ఎక్కగలిగితే మీ వేగం సరైనదే. మాట రాకపోతే కూర్చోండి.
* దిగేటప్పుడు మోకాళ్ళపై భారం ఎక్కువ. నెమ్మదిగా దిగండి.
* గుండెల్లో బరువు, చల్లని చెమట వస్తే గ్యాస్ అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ రాత్రి ఇంటివారు మీ అరికాళ్ళు దీపం వెలుగులో చూడాలి.

సగం దారిలో ఆగి దిగివచ్చినా సిగ్గు లేదు. కొండ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.

— నర్సింగ్ సూపరింటెండెంట్