పై దవడలోని పిల్లకాలువలు

విజ్జేశ్వరమువద్ద గోదావరినుండి బయలుదేరిన ఏలూరు కాలువ తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి, కృష్ణానది కాలువతో కలియుచున్నది. ఈ సంగతి పటములో నున్నది. కాని చేలలోనికి పోవు బోదెలన్నియు పటములో నుండవు. వానిని గూర్చి లస్కరునే అడుగవలయును. తెలియక పలుగు వేసినచో గండి పడును.

మన పై దవడ యెముకయు నిట్టిదే. కంటిగుంట క్రింది యెముకలో నరము, రక్తనాళములు పోవు కాలువ యొకటి కలదు. దానినుండి చీలిన సన్నని కాలువ ముక్కు ప్రక్కగా వంకలు తిరిగి ముందుపండ్ల వైపునకు దిగును. ముందుపండ్లకును కోరపంటికిని స్పర్శ నిచ్చు నరము ఇందుండి పోవును. 1939లో ఉడ్ జోన్స్ అను శరీరశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. 'కెనాలిస్ సైనుయోసస్' అని దీనికి పేరు. వంకరకాలువ యనియే లాటిను భాషలో దాని యర్థము.

ఈ కాలువ అందరికిని ఒక్కతీరున నుండదు. కొందరికి దీనినుండి పిల్లకాలువ చీలి, ముందుపండ్ల వెనుక అంగిటిలో చిన్న రంధ్రముగా తెరచుకొనును. దాని వెడల్పు సాధారణముగా ఒక మిల్లీమీటరునకు అటునిటు. ఇది వ్యాధి కాదు, లోపమును కాదు. ఇట్టివారు అరుదును కారు. పలువురు తమకు అట్టిది కలదని యెరుగకయే జీవితము గడపుదురు.

చిక్కు వచ్చునది పంటికి పని పడినప్పుడే. కొల్లేటి లంకలలో మేము తిరుగునప్పుడు ఒక పెద్దమనిషి, "అయ్యా, ఊడిన పన్ను చోట ఎముకలో మర బిగిస్తారట, నరం తెగదా?" అని యడిగిరి. ఆయన అడిగినది సరియైన ప్రశ్న. ముందుపంటి చోట ఇంప్లాంటు మర పిల్లకాలువను తాకినచో రక్తము కారవచ్చును. తిమ్మిరియో, విడువని నొప్పియో కలుగవచ్చును. సామాన్యపు ఎక్స్‌రే బల్లపరుపు చిత్రము గనుక అందులో ఈ కాలువ తరచు తెలియదు. కోన్ బీమ్ సి.టి. యను చిత్రము ఎముకను మూడు దిక్కుల నుండియు చూపును. అందు కాలువ కనబడినచో వైద్యుడు మరను కొంచెము జరుపును, లేదా పొట్టి మర నెన్నుకొనును. కావున మర బిగించుటకు ముందే ఆ చిత్రమును గూర్చి అడుగుట రోగి హక్కు. అడిగినంతమాత్రమున వైద్యుడు నొచ్చుకొనడు.

ఇంకొక పొరపాటు కలదు. సామాన్యపు ఎక్స్‌రేలో ఈ కాలువ పంటివేరు కొసన నల్లని చుక్కవలె పడి, చీముగడ్డయని భ్రమ గొల్పును. చల్లదనము తగిలించి చూచినప్పుడు పన్ను మామూలుగా జివ్వుమన్నచో నరము బ్రతికియున్నదని తలపవచ్చును. అట్టి పంటికి వేరువైద్యము తొందరపడి చేయించుకొనరాదు. మరియొక చిత్రము తీయించుట మేలు. ఏలూరువద్ద దుగ్గిరాలలోను, భీమవరములోను దంతవైద్య కళాశాలలు కలవు. సందేహము గలవారు పాత ఎక్స్‌రేలను పారవేయక వెంట తీసికొనిపోయి అచట చూపవచ్చును.