దూరపు కన్ను – దగ్గర చేయి



మన గ్రామములలో ఇప్పుడు అనేక గృహములలో వృద్ధులైన తలిదండ్రులు మాత్రమే మిగిలియున్నారు. కుమారుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు. కుమార్తె కువైటులోనో అమెరికాలోనో ఉంటుంది. పండుగకు వచ్చిన పిల్లలు అమ్మ చేతికి ఒక వాచీ కట్టి, నాన్న మంచము ప్రక్కన ఒక బి.పి. యంత్రము పెట్టి వెళ్తున్నారు. ఆమె నాడి, నిద్ర, నడిచిన అడుగులు అన్నీ ఎక్కడో ఉన్న పిల్లల ఫోనులో కనిపిస్తాయి. "ఇది మంచిదేనా అయ్యగారూ? ఇది చాలునా?" అని పలువురు మమ్మును అడుగుచున్నారు. మంచిదే, కాని అది ఒక్కటే చాలదు. ఎందుకో చూద్దాము.

క్రొత్త ఆలోచన కాదు

దూరము నుండి రోగిని కనిపెట్టుట నిన్న మొన్న పుట్టినది కాదు. 1905లో హాలెండు దేశపు లైడెన్ నగరములో విల్లెం ఐంటోవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఆసుపత్రిలోని రోగి గుండె స్పందనలను టెలిఫోను తీగ ద్వారా సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరములోని తన ప్రయోగశాలకు రప్పించి నమోదు చేశాడు. మన చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామపు ఆసుపత్రిని 2000 మార్చిలో ఉపగ్రహము ద్వారా పట్టణపు వైద్యులతో కలిపారు. ఇప్పుడు ఆ పని ఇంటి మంచము దాకా వచ్చినది.

యంత్రము చెప్పేది, చెప్పలేనిది

యంత్రము ఎంత మంచిదైనా, వాడే పద్ధతి తప్పితే లెక్క తప్పుతుంది. బి.పి. చూచుటకు ముందు అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చోవాలి. వీపు ఆనించి, పాదములు నేలను మోపి, చేయి గుండె ఎత్తులో ఉంచాలి. అరగంట ముందు నుండి కాఫీ, చుట్ట, బీడీ ముట్టరాదు. ఒకటి రెండు నిమిషముల ఎడముతో రెండుసార్లు చూచి, రెండూ వ్రాసి పెట్టాలి. ఒక్కనాటి అంకె చూచి భయపడి, మాత్రలు పెంచుట, మానివేయుట పనికిరాదు.

వ్రేలికి తగిలించు ఆక్సీమీటరును కరోనా కాలములో మనమందరము చూచియున్నాము. గోరింటాకు, గోళ్ల రంగు, చల్లబడిన వ్రేళ్లు దాని లెక్కను చెడగొట్టవచ్చు. నల్లని చర్మము గలవారిలో అది ఉన్నదానికంటె ఎక్కువ చూపవచ్చునని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించారు. గనుక అంకె బాగున్నదని, ఆయాసపడుచున్న మనిషిని ఇంట ఉంచరాదు.

నిద్ర విషయము మరింత జాగ్రత్తగా చూడాలి. వాచీ మెదడును చూడదు. చేతి కదలికను, నాడిని బట్టి నిద్రను అంచనా వేస్తుంది. కదలకుండ పడుకొని తెల్లవార్లు కప్పు వంక చూచిన తల్లిని అది "నిద్రించినది" అని వ్రాయవచ్చు. వయస్సు మీరినవారికి నిద్ర పలుచబడుట, తెల్లవారక ముందే మెలకువ వచ్చుట సహజమే. కాబట్టి ఒక్క రాత్రి లెక్క కాదు, రెండు వారములలో వచ్చిన మార్పు ముఖ్యము. ఒకటికి రెండు దిండ్లు పెట్టుకొంటేనే ఊపిరి ఆడుట, గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట, మూత్రమునకు మాటిమాటికి లేచుట, రాత్రివేళ ఉన్నట్టుండి మతి తప్పినట్లు మాట్లాడుట – ఇవి కనిపిస్తే వైద్యుని యొద్దకు తీసికొనిపోవాలి. సొంతముగా నిద్రమాత్రలు కొని ఇవ్వకండి. వాటివలన వృద్ధులు తూలిపడి ఎముకలు విరుగగొట్టుకొనే ప్రమాదమున్నది.

రెండు దేశములు నేర్పిన పాఠము

గుండె బలహీనపడినవారిని దూరము నుండి కనిపెట్టుటపై జరిగిన రెండు పెద్ద పరిశోధనలు తెలిసికొనదగినవి. అమెరికాలో 1,653 మంది రోగులతో జరిగిన పరిశోధన ఫలితము 2010లో వెలువడినది. వారిలో సగము మంది ప్రతి దినము ఒక యంత్రపు టెలిఫోనుకు తమ లక్షణములు, బరువు తెలుపవలసియుండెను. ఆరు నెలల తరువాత చూస్తే ఈ ఏర్పాటువలన మరణములు గాని, ఆసుపత్రిలో చేరుట గాని తగ్గలేదు. నూటికి 14 మంది ఒక్కసారైనను ఫోను చేయలేదు.

జర్మనీలో 1,500 మందికి పైగా రోగులతో జరిగిన పరిశోధన 2018లో వెలువడినది. అక్కడ బరువు, బి.పి., గుండె రేఖాచిత్రము, ఆక్సిజను ప్రతి దినము బెర్లినులోని ఒక కేంద్రమునకు చేరేవి. రాత్రింబగళ్లు వైద్యులు, నర్సులు వాటిని చూచి, తేడా కనిపించిన వెంటనే రోగికి ఫోను చేసి, మందు మార్చేవారు. మామూలు వైద్యము పొందినవారిలో సంవత్సరమునకు నూటికి సుమారు 11 మరణములు కాగా, వీరిలో సుమారు 8 మాత్రమే. రెండు చోట్ల రోగులు ఒక్క తీరువారు కారు, పద్ధతియు ఒక్కటి కాదు. అయినను ఒక సంగతి మనకు అర్థమవుతుంది. అంకె చేరినంత మాత్రాన ప్రాణము నిలువదు. ఆ అంకె చూచి కదిలే మనిషి కావాలి.

ఎవరు తలుపు తడతారు?

కువైటులో ఉన్న కుమారుని ఫోను అర్ధరాత్రి మ్రోగి, "అమ్మ పడిపోయినది" అని చూపినదనుకొందాము. అక్కడ నుండి అతడు 108 నొక్కితే మన ఊరి అంబులెన్సు పలుకదు. బెంగుళూరు నుండి నొక్కితే కర్ణాటక వారు పలుకుతారు. అమ్మ ఊరిలో ఉన్నవారే 108 పిలవాలి. కాబట్టి వాచీ కొనుటకు ముందే ఈ క్రింది ఏర్పాట్లు చేయండి.

1. పిలిస్తే అయిదు నిమిషములలో వచ్చే ఇద్దరిని ఇరుగుపొరుగులో ఎంచుకొని, వారిని అడిగి ఒప్పించి, ఇంటి తాళము ఒకటి వారియొద్ద ఉంచండి.

2. ఏ అంకె దాటితే ఎవరిని పిలవాలో వైద్యుని అడిగి, పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించండి. గుండె జబ్బు ఉన్నవారికి మూడు దినములలో రెండు కిలోల బరువు పెరిగితే ఒంటికి నీరు పట్టుచున్నదేమో చూపించుకోవాలి.

3. వాడే మందుల చీటి అదే గోడమీద ఉంచండి. ఆశా కార్యకర్త నంబరు, వయోవృద్ధుల ఉచిత సహాయ నంబరు 14567 కూడ వ్రాయండి.

4. కరెంటు పోయినా, సిగ్నలు లేకపోయినా వాచీ మౌనముగా ఉంటుంది. ఆ మౌనమును క్షేమమని అనుకోరాదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పలకరించే అలవాటు మానకండి.

పెద్దల మాట అడగండి

ఇంకొక మాట. ఆ శరీరము అమ్మది, ఆ నిద్ర నాన్నది. వారికి చెప్పకుండ మూల కెమెరా బిగించుట ప్రేమ అనిపించుకోదు. ఏమి కనిపిస్తుంది, ఎవరెవరు చూస్తారు, ఎప్పుడు తీసివేయవచ్చును అన్నది వారికి తెలుగులో, తీరికగా చెప్పండి. పడకగదిలో, స్నానాలగదిలో కెమెరా వద్దు. "కోడలు నా నిద్ర కూడ లెక్కపెట్టుచున్నదా?" అని అత్తగారు చిన్నబుచ్చుకొనే స్థితి రానీయకండి. వద్దంటే బలవంతము చేయకండి. కొంతకాలము వాడి చూడమని బ్రతిమాలండి. వినకపోతే రోజూ రెండుసార్లు ఫోను చేయండి.

ఇక ఊరిలోనే ఉన్న మనకు కూడ ఒక పని ఉన్నది. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దలు ఎవరో మీకు తెలుసు. పొద్దు ఎక్కినా తలుపు తీయకపోతే, "అవ్వా, లేచావా?" అని ఒక కేక వేయండి. వారి పిల్లల ఫోను నంబరు ఈ వారమే అడిగి వ్రాసి పెట్టుకొనండి, మీ నంబరు వారికి ఇవ్వండి.